బేరిపండు వాసన

పోయిన వారం చిన్నిని మనం అక్క ఇంటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చేతిసంచీని ఛాతీకి హత్తుకుని, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, నొక్కాలా వెనక్కి తిరిగిపోవాలా అని తేల్చుకోలేక నిలబడి ఉంది పాపం. లోపల నాన్న ఉన్నాడు. లివర్ పాడైపోయింది, ఇక ఆసుపత్రిలో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి కనిపెట్టుకుని ఉండండని డాక్టరు చెప్పేశాడు. ఏళ్ళ తరబడి మాటల్లేని అక్క తనంతట తానే ఫోన్ చేసి, "నాన్న నిన్ను అడుగుతున్నాడు, వచ్చి చూసిపో. ఒక్కమాట మాత్రం గుర్తు పెట్టుకో. నీ ఉద్యోగం వాసన మా గడప దాటి లోపలికి రాకూడదు" అని పెట్టేసింది.

చిన్ని సంచీలో, చేతిరుమాల్లో చుట్టి, దగ్గుమందు సీసా అంత సీసాలో విస్కీ ఉంది. పక్కనే ఒక గ్లాసు కూడా.

అంత గట్టిగా చెప్పినా ఎందుకు తెచ్చిందంటారా? ఆ పొద్దున ఆఫీసులో జరిగింది చెబితే గానీ అర్థం కాదు.

చిన్ని ఉద్యోగం రుచి చూడడం. విదేశాల నుంచి మద్యం తెప్పించి హోటళ్ళకీ దుకాణాలకీ అమ్మే కంపెనీ అది. ఏది తెప్పించాలో, ఏది వద్దో చిన్ని ముక్కు తేలుస్తుంది. ఆఫీసులో అందరూ ఆమెని 'ముక్కు' అనే పిలుస్తారు. జలుబు చేస్తే యజమానే స్వయంగా ఫోన్ చేసి ఆవిరి పట్టావా అని అడుగుతాడు. ఇంతా చేసి చిన్ని తాగుబోతు కాదు, ఒక్క చుక్క మింగదు. నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తుంది. తాగుబోతు కూతురిని, మింగితే ఏమవుతానో అన్న భయం ఆమెకి మొదటినుంచీ ఉంది.

ఆ పొద్దున యజమాని కొత్త సీసా ఒకటి బల్ల మీద పెట్టాడు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, పెద్ద కిటికీలోంచి పడే వెలుతురు, మూతి దగ్గర సన్నబడిన గ్లాసులు, నీళ్ళ జగ్గు, ఉప్పూ తీపీ లేని బిస్కెట్లు.

"ఫ్రాన్సుది. సింగిల్ మాల్ట్" అన్నాడు యజమాని.

సేల్స్ చూసే పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఫ్రాన్సువాళ్ళకి విస్కీ ఏమిటండీ? ద్రాక్షపళ్ళు అయిపోయాయా?"

"అదే కదా విశేషం. కొండపక్క చిన్న బట్టీ. బార్లీతో కాచి, అంతకుముందు బేరిపండ్ల బ్రాందీ నిలవ ఉంచిన పీపాల్లో పోసి పెట్టారట. ఏమంటుందో మన ముక్కునే అడుగుదాం."

చిన్ని గ్లాసుని వెలుతురుకెత్తి చూసింది. ఎండుగడ్డి రంగు. మెల్లగా తిప్పి, పెదవులు కాస్త తెరిచి ఉంచి వాసన చూసింది. నోరు మూసుకుని వాసన చూస్తే స్పిరిట్ ఘాటు ముక్కు మీద గుద్దుతుంది మరి. ముందు వేయించిన బార్లీ కమ్మదనం వచ్చింది. ఆ వెనకే పండ్లు. మామూలు విస్కీలో పండ్ల వాసనని మనం వెతుక్కుంటూ పోవాలి. ఇందులో వెతకక్కర్లేదు. అదే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. నారింజ తొక్క, పండి మెత్తబడిన ఆప్రికాట్, తేనె. బాగుంది, కాస్త వింతగా కూడా ఉంది అనుకుంటూ అలవాటు ప్రకారం నీళ్ళు రెండు చుక్కలు వేసి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

అంతే. గ్లాసు ముక్కు దగ్గరే ఉండిపోయింది.

బేరిపండు. చెట్టునుంచి తెంపి కొరికే పండు కాదు. పంచదార పాకంలో మెత్తగా ఉడికి, లవంగం తగిలి, ఎక్కడో వెచ్చగా దాక్కున్న బేరిపండు. ఆ వెచ్చదనంతో సహా చిన్నికి ఆ వాసన తెలుసు. అది అమ్మ వాసన.

అమ్మ పోయేటప్పటికి చిన్ని ఇంకా బడిలో కూడా చేరలేదు. అమ్మ ఇంట్లోనే మిషను కుట్టేది. చిన్ని మిషను బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుకునేది. పని మధ్యలో అమ్మ హఠాత్తుగా వంగి, "ఎక్కడే నా చిట్టెలుక? గుడ్డలన్నీ కొరికేస్తోందా?" అని మొహంలో మొహం పెట్టి ముద్దు పెట్టేది. అప్పుడు ఆ వాసన. అమ్మ మొహం చిన్నికి ఫొటోలో చూస్తే తప్ప గుర్తు రాదు. గొంతు అసలే గుర్తు లేదు. మిగిలిందల్లా ఆ వాసనొక్కటే. దాని కోసమే మొదట సబ్బుల ఫ్యాక్టరీలో చేరింది, తర్వాత అత్తర్లు అమ్మే దుకాణంలో నిలబడింది. ఎక్కడా దొరకలేదు. ఆ వెతుకులాటలో ముక్కు పదునెక్కి, చివరికి ఈ ఉద్యోగం దొరికింది.

చిన్ని గ్లాసు ఎత్తి కాస్త నోట్లో పోసుకుంది. తియ్యగా మొదలై, నాలుక మధ్యలో వేడెక్కి, చివర మిరియం కారంతో పాటు పండు తొక్క నమిలినప్పటి వగరు మిగిలింది. అలవాటు చొప్పున పాత్రలోకి ఉమ్మేసింది. ఉమ్మేశాక, అమ్మని ఉమ్మేసినట్టు అనిపించింది.

"ఏమైంది ముక్కూ? కళ్ళలో ఆ నీళ్ళేమిటి? అంత ఘాటుగా ఉందా?" అన్నాడు యజమాని.

"లేదు సర్. చాలా బాగుంది. తెప్పించండి. ఇందులోంచి నాకు కాస్త కావాలి. ఇంటికి."

పెద్దాయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో ముక్కు ఇంటికి అడగడం ఎవరూ వినలేదు. యజమాని మాత్రం ఏమీ అడక్కుండా చిన్న సీసాలోకి వంచి ఇచ్చాడు.

నాన్న పోయేలోపు ఆయనకి ఒక్కసారి ఆ వాసన చూపించాలి. చిన్ని మనసులో అప్పుడున్నది అంతే. ఆయన్ని క్షమించిందా అంటే, లేదు. పదిహేనేళ్ళ వయసులో ఆయన ఎదురుగా నిలబడి, "మా అమ్మని చంపింది నువ్వే" అన్న పిల్ల తను. ఆ మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. అయినా పోయే మనిషికి కూడా అమ్మ మీద బెంగ ఉండదా?

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

చిన్ని బెల్ నొక్కింది. తలుపు తీసిన అక్కని చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. కళ్ళ కింద నలుపు. బ్యాంకులో సెలవు పెట్టి రాత్రీ పగలూ నాన్న మంచం పక్కనే ఉంటోందని చూడగానే తెలుస్తోంది.

"వచ్చావా" అంది అక్క. దగ్గరికి తీసుకుంటున్నట్టుగా మొహం దగ్గర మొహం పెట్టి, ఒక్కసారి గాలి పీల్చింది. పీల్చి, వదిలేసింది.

అది కౌగిలింత కాదు, తనిఖీ. చిన్నికి ఒళ్ళు మండింది. కానీ గొడవకి సమయం కాదని నోరు నొక్కుకుంది.

"నేను తాగనక్కా. నీకు తెలుసు."

"తెలుసులే. అలవాటు పోదు" అంది అక్క పక్కకి చూస్తూ. "నాన్న మెలకువగానే ఉన్నాడు. నువ్వు కూర్చో, నేను మందులు తెచ్చుకొస్తాను. నిన్నటినుంచీ వెళ్దామంటే ఒంటరిగా వదలడానికి లేదు. ఎక్కువ మాట్లాడించకు, ఆయాసం వస్తుంది."

అక్క చెప్పులేసుకుని మెట్లు దిగిన చప్పుడు వినబడేదాకా చిన్ని అక్కడే నిలబడి, తర్వాత గదిలోకి నడిచింది.

కిటికీ పక్కన మంచం. ఎదురుగా వీధి, సందు మలుపులో బస్టాపు. నాన్న దిండ్లకి ఆనుకుని అటే చూస్తున్నాడు. ఒకప్పుడు బస్సు స్టీరింగు తిప్పిన చేతులు దుప్పటి మీద రెండు ఎండుకొమ్మల్లా ఉన్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. అడుగుల చప్పుడుకి తల తిప్పాడు.

"ఎక్కావా అమ్మా? టికెట్ తీసుకున్నావా?"

చిన్నప్పుడు భుజాలకెత్తుకునే ముందు అలాగే అడిగేవాడు. చిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నావని ఒకరినొకరు అడిగారు. ఉద్యోగం ఎలా ఉందన్నాడు. బాగుందంది. పెళ్ళి మాట ఎత్తబోయి, ఆయనే మానేశాడు. తర్వాత మాటలు అయిపోయాయి. ఏళ్ళ తరబడి మాట్లాడుకోనివాళ్ళకి మాటలు త్వరగా అయిపోతాయి.

"నాన్నా, నీకొకటి చూపిద్దామని తెచ్చాను. తాగమనడం లేదు. వాసన చూస్తే చాలు."

"ఏమిటది?"

"విస్కీ."

నాన్న నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నా లివరు చూసి డాక్టరు దండం పెట్టి పంపించాడు. నువ్వేమో విస్కీ పట్టుకొచ్చావు. బాగుందే వరస!"

"నవ్వకు నాన్నా. ఇందులో అమ్మ ఉంది."

నవ్వు ఆగిపోయింది.

చిన్ని సీసా మూత తీసి గ్లాసులో కొంచెం పోసింది. పక్క బల్ల మీది నీళ్ళ గ్లాసులో వేలు ముంచి చుక్కలు రాల్చింది. గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని వెచ్చబరిచి, ఆయన మొహం దగ్గరకి తెచ్చింది. "నోరు కొంచెం తెరువు. అంతే. మెల్లగా పీల్చు."

నాన్న మెల్లగా పీల్చాడు.

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు ముందు. తర్వాత గడ్డం వణికింది. కళ్ళ చివరల్లోంచి నీళ్ళు చెవుల దాకా జారాయి. చేత్తో తుడుచుకునే ఓపిక కూడా లేక వదిలేశాడు.

"గుర్తుపట్టావా?" అంది చిన్ని. ఆమె కళ్ళూ నిండాయి. ఒక్కసారిగా నాన్న మీద ఎక్కడలేని జాలి పుట్టింది. "అమ్మ మన మీదకి వంగినప్పుడు ఇలాగే ఉండేది కదూ? నేను దీని కోసం ఎంత వెతికానో తెలుసా? పువ్వులన్నీ చూశాను, నూనెలన్నీ చూశాను. ఏం రాసుకునేది నాన్నా అమ్మ?"

"రాసుకునేది కాదమ్మా" అన్నాడు నాన్న. "ఇది అమ్మ మందు."

"ఏ మందు? అమ్మకి జబ్బేమైనా ఉండేదా?"

"నీకు గుర్తులేదా? మిషను కింద అరలో గాజు జాడీ ఉండేది. బేరిపండ్లు పాకం పట్టి, లవంగాలేసి, మీద నాటుసారా పోసి మూతబిగించేది. మీరు అడిగితే 'ముట్టుకోకండర్రా, అది నా మందు' అనేది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మందే మరి. మీ అమ్మ అబద్ధమాడే మనిషి కాదు."

చిన్నికి వెంటనే బుర్రకెక్కలేదు. మన భాషలో ఆ రెండింటికీ ఒకటే పేరు. జ్వరానికి వేసుకునేదీ మందే, బాధ మరవడానికి పోసుకునేదీ మందే. పసిపిల్లకి తేడా ఎవరు చెబుతారు? జాడీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం వెలుతురులో మెరిసే పసుప్పచ్చ ముక్కలు గుర్తొచ్చాయి. పగలంతా నడిచే మిషను సాయంత్రమయ్యేసరికి తడబడుతూ ఆగి ఆగి నడవడం, అమ్మ దారం ఎక్కించలేక సూదితో పోట్లాడుతూ తనలో తను నవ్వుకోవడం గుర్తొచ్చాయి. ఆ నవ్వంటే తనకెంత ఇష్టమో కూడా.

"అబద్ధం" అంది చిన్ని. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "తాగింది నువ్వు. నువ్వు తాగొచ్చి గొడవపడితే అమ్మ మెట్ల మీదనుంచి జారి పడిపోయింది. ఊరంతటికీ తెలుసు. నువ్వే ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను."

"మరి?"

నాన్న కిటికీలోంచి బస్టాపు కేసి చూశాడు. ఒక బస్సు వచ్చి ఆగింది. మనుషులు దిగారు, ఎక్కారు. అది కదిలి వెళ్ళిపోయేదాకా ఆగి, మొదలుపెట్టాడు.

"ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాను. మన వాటా పైనగదా. మెట్ల కిందకి వచ్చేసరికి మీ అమ్మ పడి ఉంది. తల గోడకి తగిలింది. నేను వెళ్ళి ఎత్తుకున్నాను. అప్పటికే లేదు. చీరంతా ఇదే వాసన. పక్కవాటాల వాళ్ళు తలుపులు తీస్తున్న చప్పుడు వినబడుతోంది. ఇంకొక్క నిమిషంలో అందరూ వచ్చేస్తారు, అందరికీ ఈ వాసన తగులుతుంది. నాకేం తోచలేదు. జాడీలో మిగిలిందంతా గటగటా తాగేశాను. చొక్కా మీద కూడా పోసుకున్నాను. డ్రైవరు చొక్కా. నేను తాగొచ్చాను, మాటా మాటా పెరిగింది, ఆమె విసురుగా దిగబోయి జారిందని చెప్పాను. వాసన నాదే అనుకున్నారు."

"అంతకు ముందు నువ్వు..."

"బస్సు తోలేవాడినమ్మా. నా వెనక అంతమంది ప్రాణాలు. నాలిక్కి చుక్క తగలనిచ్చేవాడినా?"

పోలీసులు కొన్నాళ్ళు తిప్పుకుని, ప్రమాదమేనని వదిలేశారట. బస్సు కంపెనీవాళ్ళు వదల్లేదు. తాగి బండెక్కే డ్రైవర్ని ఎవరుంచుకుంటారు? అమ్మ వైపు చుట్టాలందరూ మొహం చాటేశారు. ఇవన్నీ చిన్నికి తెలిసినవే. తెలిసిన ప్రతిదీ ఇప్పుడు తలకిందులుగా నిలబడింది.

"మరి తర్వాత తాగావుగా? నేను చూశాను. వీధి అరుగు మీద పడిపోతే అక్కా నేనూ లాక్కొచ్చేవాళ్ళం. అదీ నాటకమేనా?"

"కాదు. అది నిజమే." నాన్న సిగ్గుపడ్డట్టు కళ్ళు దించుకున్నాడు. "అందరూ తాగుబోతు తాగుబోతు అంటుంటే ఉద్యోగం లేక, ఇంట్లో ఆమె లేక... మొదట ఆమె ఇందులో ఏం చూసిందో తెలుసుకుందామనుకున్నాను. తర్వాత అదే నన్ను తోలుకుపోయింది. కొన్నేళ్ళు. మానేసి ఇన్నేళ్ళయినా లివరు మర్చిపోలేదు, చూశావుగా."

చిన్ని తల దించుకుంది.

"నేను నిన్ను హంతకుడివి అన్నాను."

"అన్నావు."

"ఒక్కసారైనా కాదని చెప్పలేదేం నాన్నా?"

"అనిపించుకోడానికే కదమ్మా ఆ రోజు తాగింది. నీకొక్కదానికి నిజం చెబితే, నీకు అమ్మని లేకుండా చెయ్యాలి. బల్ల కింద కూర్చుని అమ్మ వాసన అని గుడ్డముక్కలు దాచుకునేదానివి. ఆ వాసన ఏమిటో చెప్పమంటావా నీకు?"

చిన్ని ముందుకి వంగి ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుపు ఆగలేదు. ఆయన ఆపమనలేదు. ఒకసారి వేళ్ళు కదిపి, ఆమె చెయ్యి నొక్కడానికి ప్రయత్నించాడు, అంతే.

కాసేపటికి నాన్నే అన్నాడు. "దాని రుచి ఎలా ఉంటుందో చెప్పవే."

"ఏమిటి?"

"ఆ రోజు మంచినీళ్ళు తాగినట్టు గుటకలేశాను. తర్వాత తాగిన రోజుల్లో రుచి చూసింది లేదు, మత్తుకోసమే. నువ్వు రుచి చూడ్డమే పనిగా బతుకుతున్నావు కదా. మీ అమ్మ ఏం రుచి చూసేదో నాకు చెప్పు."

చిన్ని గ్లాసు తీసుకుంది. ఉమ్మడానికి పాత్ర కోసం అలవాటుగా చుట్టూ చూసింది. మంచం కింద ఉంది పాత్ర, నాన్న కోసం పెట్టింది. దాన్ని తీసుకోబుద్ధి కాలేదు. కొంచెం నోట్లో పోసుకుని, నిలిపి, మింగింది. మొదటిసారి మింగింది. వేడి ఛాతీ మధ్యలోంచి దిగి కడుపులో పరుచుకుంది.

"మొదట తియ్యగా ఉంటుంది నాన్నా" అంది కళ్ళు మూసుకుని. "పాకంలో ఉడికిన పండు నాలుక మీద పెట్టినట్టు. ఎవరో మంచిగా పలకరించినట్టు ఉంటుంది. తర్వాత నారింజ తొక్క చేదు కొంచెం. అప్పుడు వేడి మొదలవుతుంది. చలికి వణికేవాళ్ళ మీద దుప్పటి కప్పినట్టు. ఒళ్ళంతా, ఫర్వాలేదులే, ఫర్వాలేదులే అన్నట్టు ఉంటుంది."

"చివర్న?"

"చివర్న వగరు. పండు తొక్క వగరు. తియ్యదనమంతా పోయి అదొక్కటే మిగులుతుంది. మళ్ళీ ఇంకో గుక్క వేసుకుంటే గానీ పోదు."

"అదన్నమాట" అన్నాడు నాన్న. "నేనెప్పుడూ ఆమెని మానెయ్యవే, మానెయ్యవే అని తిట్టడమే తప్ప ఒక్కరోజు కూడా ఎలా ఉంటుందే అది అని అడగలేదు. అడిగి ఉంటే ఆ వగరు సంగతి చెప్పేదేమో."

"అమ్మకి ఏం బాధ నాన్నా?"

"మధ్యలో ఒక మగపిల్లాడు పుట్టి పోయాడు. పెద్దదానికీ నీకూ మధ్యన. ఆ తర్వాతే జాడీ వచ్చింది ఇంట్లోకి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ముట్టుకోలేదు. ఆ గొప్పతనం ఆమెదే. నువ్వు పాలు మానాక మళ్ళీ..." ఆయాసం వచ్చింది. చిన్ని దిండు సర్ది, నీళ్ళు తాగించింది. మాట్లాడకు చాలంది. ఆయన వినలేదు. ఇన్నేళ్ళు పెదవి విప్పని మనిషి, ఇప్పుడు ఆపితే మళ్ళీ వీలు చిక్కదన్నట్టు తొందరపడుతున్నాడు.

"అంత ప్రేమా నాన్నా? అమ్మ పరువు కోసం ఉద్యోగం, పేరు, అన్నీ పోగొట్టుకున్నావా?"

"చాలాకాలం నేనూ అలాగే చెప్పుకున్నాను. అమ్మ పరువు కోసమే అని." నాన్న కళ్ళు తలుపు వైపు ఒకసారి వెళ్ళి వచ్చాయి. గొంతు తగ్గించాడు. "అక్క మందులకి వెళ్ళింది కదూ?"

"వెళ్ళింది."

"చనిపోయినామె పరువు కోసం ఎవరు జైలుకి సిద్ధపడతారే? బతికున్న వాళ్ళ కోసమే ఎవరైనా..." చిన్ని మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఎండుకొమ్మ చేతిలో అంత బలం ఎక్కడనుంచి వచ్చిందో. "జాడీలో మిగిలింది తాగానన్నాను. జాడీ ఎక్కడుందో నువ్వు అడగలేదు."

"ఎక్కడుంది?"

"నేను మీ అమ్మని ఎత్తుకుని తల పైకెత్తి చూశాను. మెట్ల పైన పెద్దది నిలబడి ఉంది. బడి లంగా, రెండు జడలు. జాడీని రెండు చేతుల్తో గుండెకి అదిమి పట్టుకుని ఉంది. మెట్ల మీదంతా పాకం ఒలికి ఉంది. అది ఏడవడం లేదు, అరవడం లేదు. నన్ను చూస్తోంది. అమ్మ తాగుడు చూసి దానికి ఎంత అసహ్యమో నాకు తెలుసు. రెండు మూడుసార్లు జాడీ ఒంపేసింది కూడా. ఇద్దరూ జాడీ కోసం లాక్కున్నారా? ఇది తోసిందా? నేను పైకి వెళ్ళి ఆ జాడీ దాని చేతుల్లోంచి తీసుకున్నాను. తీసుకుని తాగేశాను. దాన్ని లోపలికి పోయి చేతులు కడుక్కోమన్నాను."

గుమ్మంలో అక్క తన మొహం దగ్గర మొహం పెట్టి గాలి పీల్చడం చిన్నికి గుర్తొచ్చింది. ఆ తనిఖీ ఎవరి మీద నేర్చుకుందో ఇప్పుడు అర్థమైంది. నాన్న మీద కాదు.

"అక్కని అడిగావా?"

"ఎలా అడగనే? అడిగితే అది జవాబు చెప్పాలి. చెప్పాక మళ్ళీ నేను దాని మొహం ఎలా చూడను, అది నా మొహం ఎలా చూస్తుంది? నేను అడగలేదు. అది చెప్పలేదు. అలాగే గడిచిపోయింది. నన్ను ఇంత శుభ్రంగా చూసుకుంటోంది, ఏదో బాకీ తీర్చుకుంటున్నట్టు. అది చూసినప్పుడల్లా నాకు..."

నాన్న మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన చూపు చిన్ని భుజం మీదుగా వెళ్ళి నిలిచింది.

చిన్ని వెనక్కి తిరిగింది.

గది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఒక చేతిలో మందుల సంచీ, ఇంకో చేతిలో చెప్పులు. నాన్న నిద్రపోతుంటాడేమోనని బయటే విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వచ్చినట్టుంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలీదు. మొహం చూస్తే, వినాల్సిందంతా విన్నట్టే ఉంది.

చిన్ని గబుక్కున లేచింది. "అక్కా, నేను... ఈ వాసన నేనే..."

అక్క ఆమె మాట వినిపించుకోలేదు. చెప్పులు గోడవారగా పెట్టింది. మందుల సంచీ బల్ల మీద పెట్టింది. మంచం దగ్గరికి వచ్చి, పక్కనున్న విస్కీ గ్లాసు తీసుకుంది. విసిరికొడుతుందేమోనని చిన్ని కళ్ళు మూసుకుంది. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిస్తే, అక్క గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. అంత వయసు మొహం ఒక్కసారి రెండు జడల పిల్ల మొహంలా అయిపోయింది.

"అక్షరాలా ఇదే" అంది.

అక్క నాన్న పక్కన మంచం మీద కూర్చుని, నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది.

"నేను తోసేశాననుకున్నావా నాన్నా? ఇన్నేళ్ళూ?"

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అదే జవాబు.

"నా కోసమా తాగావు ఆ రోజు? నా కోసమా ఈ లివరు ఇలా..." అక్క గ్లాసుని రెండు చేతుల్తో గుండెకి అదిమి పట్టుకుంది.

"నేను లాక్కోలేదు నాన్నా" అంది అక్క. "జాడీ నాకు అమ్మే ఇచ్చింది. తనే లోపల్నుంచి తెచ్చి, మూత తీసి, నా చేతుల్లో పెట్టింది. మెట్ల దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నా చెవిలో ఒక మాట చెప్పింది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకుంది. చిన్నికైతే అసలే చెప్పకూడదంది."

ఆ మాటేమిటో వచ్చే వారం చూద్దాం.